ఉరుకుందమ్మ చేసిన మొదటి బేరం

ఎమ్మిగనూరు జాతర ఎద్దుల సంతలో బేరం కుదిర్చే అర్హత ఇకమీదట ఎనిమిది నెలలు నిండి, రెండు పళ్ళు వచ్చిన ప్రతి వ్యక్తికీ ఉంటుందని ఆదోని-ఎమ్మిగనూరు ప్రాంత పశు క్రయవిక్రయ మధ్యవర్తుల శ్రేయోభిలాష సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం నకలు ఒకటి మా బట్టల అంగడి గోడకు కూడా అతికించారు. చదివినవారెవరూ ఆశ్చర్యపోలేదు. సంఘాల తీర్మానాలు చదివి ఆశ్చర్యపోయే అలవాటు మా ఊరి జనం ఎప్పుడో మానుకున్నారు. దూరాన ఉండే పాఠకులు మాత్రం వెనకా ముందూ తెలియక సంఘాన్ని తప్పుగా అనుకునే ప్రమాదం ఉంది. అందుకని, ఈ వ్యవహారానికి గుడ్డ కోసి ఇచ్చినవాడిగా, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

సాయి ఎద్దుల దళారి. కోసిగి దగ్గరి పల్లెవాడు, కాపురం ఎమ్మిగనూరులో. అతని భార్య మౌనికకు ఆదోనిలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం దొరికింది. షరతు ఒక్కటే. మొదటి నెల ఒక్క రోజు కూడా మానకుండా వస్తే ఉద్యోగం ఖాయం. ఒక్క రోజు మానినా అది వరుసలో ఉన్న తరువాతి అమ్మాయిది. ఇరవై రోజులు బాగానే గడిచాయి. పిల్లను సాయి తల్లి తిమ్మమ్మ చూసుకుంది. మిగిలిన పది రోజులూ సరిగ్గా జాతర సంత రోజులు. సంతకు ముందు రోజు పొద్దున తిమ్మమ్మ ఊరివాళ్ళతో కలిసి లారీ ఎక్కి మిరపకాయ కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయింది. ఏటా పోయేదే. కాయ ఎర్రబడ్డాక కోడలి ఉద్యోగం కోసం ఆగదని ఆమె చెప్పిన మాటలో తప్పేమీ లేదు.

ఇక పిల్ల. పేరు ఉరుకుందమ్మ. వయసు ఎనిమిది నెలలు, బరువు ఏడున్నర కిలోలు, పళ్ళు రెండు, రెండూ కింది వరుసలోనే. మనిషి ఒంటికి ఆనుకొని ఉంటే సంతోషంగా ఉంటుంది, నిద్ర కూడా పోతుంది. కింద పెడితే నాలుగు వీధులకు వినిపిస్తుంది.

లెక్క చూస్తే ఇలా తేలింది. సంతలో సాయికి పిల్లను ఎత్తుకోవడానికి ఒక చెయ్యి కావాలి, ఎద్దు పగ్గం పట్టుకోవడానికి ఒకటి, బేరానికి ఒకటి. కావలసినవి మూడు, ఉన్నవి రెండు. ఈ కొరతను ఎలా పూడ్చాలో తెలిసిన మనిషి ఇంట్లో మౌనిక ఒక్కతే. ఆ సాయంత్రమే మా అంగడికి వచ్చింది.

"రెండుంబావు మీటర్ల గుడ్డ కావాలన్నా. మన మగ్గం నేతది. సాగకూడదు, జారకూడదు. పిల్ల ఒంటికి గరుకు తగలకూడదు," అంది.

ఆదోనిలో ఆమె పనిచేసే చోటికి ఒక డాక్టరమ్మ తన బిడ్డను అలాంటి గుడ్డలో ఎత్తుకొని వస్తుందట. గుడ్డకు ఒక కొసన రెండు రింగులు కుట్టి ఉంటాయి. రెండో కొసను ఆ రింగుల్లోంచి దూర్చి బిగిస్తే భుజం మీదుగా ఒక సంచిలా తయారవుతుంది, అందులో పిల్ల కూర్చుంటుంది. చేతులు రెండూ ఖాళీ. ముప్పై ఏళ్ళుగా గుడ్డ అమ్ముతున్నాను గానీ, గుడ్డ మనిషికి ఒక చెయ్యి అదనంగా ఇవ్వగలదని ఆ రోజే తెలిసింది.

రింగుల దగ్గర కొంత ఆలస్యమైంది. సాయి తన ఎద్దుల పగ్గాల నుంచి రెండు ఇనుప రింగులు విప్పి తెచ్చాడు. మౌనిక గోటితో చుట్టూ గీరి చూసి, ఒకచోట ఆగింది.

"ఈడ అతుకుండాది," అంది.

"దానికేమే, కోడె గూడ తెంపలేదు దాన్ని."

"కోడె తెంపుకుంటే పరిగెత్తి పట్టుకుంటావు. పిల్ల జారితే యాడికని పరిగెత్తుతావు?"

నేను చూపించిన పరదా రింగులు ఆమె చేత్తో కూడా ముట్టుకోలేదు. చివరికి అతుకులేని రింగులు, ఆ పనికోసమే చేసినవి, డాక్టరమ్మ దగ్గర అదనంగా ఉంటే ఫోనులో అడిగి ఆ రాత్రి బస్సుకే తెప్పించింది. మా దర్జీ రాత్రికి రాత్రే మూడు వరుసల కుట్టు వేశాడు. నేను నా తృప్తికోసం ఇరవై కిలోల పత్తిగింజల మూట అందులో పెట్టి, దూలానికి తగిలించి రెండు గంటలు చూశాను. ఏడున్నర కిలోల సరుకుకు అది చాలు.

సంత మరునాటి మధ్యాహ్నం మొదలు. మౌనిక పొద్దున బస్సుకు ముందు అంగడి అద్దం ముందు మొగుణ్ణి నిలబెట్టి పాఠం చెప్పింది. పాఠం సాగినంతసేపు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా కొనడం మాని చూశారు.

"గుడ్డ భుజం మీద మడతలు లేకుండా పరచాల. రింగులు గొంతు పక్క ఎముక కాడ ఉండాల. పిల్ల నుదురు నీ మూతికి అందాల, తల కొంచెం దించితే ముద్దు పెట్టుకునేంత ఎత్తు. ఇంకా కిందికి దించితే నీ నడుము పోతాది, పిల్లా జారతాది."

"సరే."

"దాని గడ్డం రొమ్ముకు ఆనకూడదు. ఆనితే ఊపిరాడదు. ఎండని చెప్పి మొగం మీద గుడ్డ కప్పేవు! మొగం ఎప్పుడూ నీకు కనపడాల. మోకాళ్ళు పైకి, పిర్రలు కిందికి, కప్ప కూర్చున్నట్ల ఉండాల. గుడ్డ ఈ మోకాలి నుంచి ఆ మోకాలి దాకా రావాల. వంగాల్సి వస్తే నడుము కాదు, మోకాళ్ళు వంచు. ఒక చెయ్యి దాని వీపు మీద పెట్టుకో. ఎద్దుల మధ్యకు పోవద్దు, పగ్గం పొడుగ్గా పట్టుకొని పక్కన్నే నిలబడు."

"ఎద్దును కొనేటప్పుడు గూడ ఇన్ని చూడనే మౌనికా."

"అందుకే నువ్వు కొనిచ్చినవి కుంటుతాండాయి."

ఆ మాటతో పాఠం ముగిసింది. మౌనిక ఆదోని బస్సెక్కింది. సాయి సంతకు పోయాడు. ఉరుకుందమ్మ సంత గేటు దాటకముందే నిద్రపోయింది.

మా సంత జనం జాలిగుండె కలవారు. సాయి భుజాన గుడ్డ చూడగానే చెయ్యి విరిగిందని గ్రహించారు. ఎద్దుల కాళ్ళు సరిచేసే పుల్లన్న పసరు గిన్నె, నాలుగు వెదురుబద్దలు పట్టుకొని పరిగెత్తి వచ్చాడు. లోపల ఉన్నది చెయ్యి కాదు, పిల్ల అని చూపించినా ఆయన వైద్యధర్మం విడవలేదు. "అయితే పిల్ల సంగతి అట్లుండనీ, చెయ్యి ఎప్పుడు విరిగినాదప్పా?" అని అడిగాడు. తరువాత వచ్చిన ముగ్గురు పెద్దమనుషులు అంతకంటే లోతుగా ఆలోచించారు. మగవాడి ఒంటి మీద ఎనిమిది నెలల పిల్ల ఉందంటే దానికి ఒకటే అర్థం. వాళ్ళు తలపాగాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఎప్పుడు జరిగినాది నాయనా?" అన్నాడు ఒకాయన.

"ఏంది జరిగేది?"

"అదే... పిల్ల తల్లి..."

"మౌనికా? బాగుండాది కదన్నా. ఆదోనిలో పనికి పోయినాది."

అంతవరకు మర్యాదకోసం విచారంగా ఉన్న ఆ ముగ్గురి మొహాలూ అప్పుడు నిజంగా విచారంతో నిండాయి. సాయి భుజం తట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళారు.

ఎద్దులు ఏమీ అడగలేదు.

రెండో రోజు సాయంత్రానికి విషయం సంఘం అధ్యక్షులు శ్రీ ఉచ్చీరప్పగారి దృష్టికి వెళ్ళింది. నలభై ఏళ్ళ అనుభవం గల పెద్దమనిషి. మా సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకొని బేరమాడతారు. ఏ వేలు పట్టుకున్నారు, ఎన్ని పట్టుకున్నారు అన్నదే మాట. బొటనవేలు ఒక్కటే పట్టి విడవకపోతే, అడిగిన ధరకు ఒక్క మెట్టు కూడా దిగనని అర్థం. బేరం సాగినంతసేపు ఇద్దరూ ఆకాశం కేసో, ఎదుటివాడి ఎద్దుల కేసో చూస్తూ ఉండాలి, మొహంలో ఏమీ కనబడకూడదు. చివరికి కొనేవాడు "తెగింది" అని పైకి అంటే బేరం కుదిరినట్టు. ఆ మాటకు వెనక్కి పోవడం సంతలో లేదు. ఈ విద్యలో ఉచ్చీరప్పగారిని మించినవారు లేరని ప్రతీతి. తువాలు కింద చెయ్యి పట్టుకుంటే చాలు, ఆ మనిషి ఏ ఊరివాడో, ఎన్నెకరాలవాడో చెప్పగలనని ఆయనే చాలాసార్లు చెప్పారు. అధ్యక్ష పదవి కూడా ఆ చేతి చలవే.

షామియానా కింద సభ చేసి ఆయన మాట్లాడారు.

"సభ్యులారా! మగవాని భుజం మీద ఉండదగినవి మన పెద్దలు ఎప్పుడో తేల్చినారు. తువాలుండచ్చు. కాడి మానుండచ్చు. టయానికి పాడె ఉండచ్చు. ఈ కొత్త సరుకు యాడ్నుంచి వచ్చినాది? ఈ పొద్దు పిల్ల వచ్చినాది. రేపు ఉయ్యాల వస్తాది. ఎల్లుండి ఈడనే రాగిజావ కాస్తారు. కర్ణాటక నుంచి కొనేదానికి వచ్చిన పెద్దలు మనల్ని చూసి ఏమనుకుంటారు? ఈ సంత మగతనాన్ని, గౌరవాన్ని, సంస్కృతిని కాపాడే బాధ్యత చరిత్ర నా భుజాల మీద పెట్టినాది!"

చరిత్ర మోయడానికి భుజం వాడుకోవచ్చునన్నమాట. జనం చప్పట్లు కొట్టారు. రేపు మధ్యాహ్నం నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలను ఒంటికి కట్టుకొని సంతలోకి రాకూడదని తీర్మానమైంది. మధ్యాహ్నం నుంచి ఎందుకంటే, పొద్దున నోటీసు జిరాక్సు తీయించాలి.

సాయి లేచి చేతులు కట్టుకోబోయాడు. పిల్ల అడ్డం వచ్చింది. అలాగే మాట్లాడాడు.

"ఉచ్చీరప్పన్నా, ఇంకా ఎనిమిది రోజులే. పిల్లను ఈడికి తేకపోతే మౌనిక ఇంట్లో ఉండాల. ఒక్కరోజు పోకపోయినా ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఉద్యోగం పోతే ఇంకోటి వస్తాది సాయీ. సంత మర్యాద పోతే తెచ్చిస్తావా నువ్వు?"

సంత మర్యాదను తెచ్చిచ్చే స్థోమత సాయికి లేదు. మరునాటి పొద్దున మౌనిక అన్నం డబ్బీ సర్దుకుంటూ, "ఈ పొద్దుకు నాకు ఉద్యోగముండాది. రేపటి సంగతి నువ్వే చెప్పాల," అని బస్సెక్కింది.

మూడో రోజు పొద్దున తుగ్గలి వైపు రైతు నాగన్న ఒక జత ఎద్దులను తెచ్చి సాయికి అప్పగించాడు. తెల్లటివి, ఎత్తైన మూపురాలు, నడిస్తే నేల ఒకే చప్పుడు చేసేవి. సంత మొత్తం వాటి వెనకే తిరిగింది. ఉచ్చీరప్పగారికి అవి స్వయంగా కావాలనిపించింది. పిల్లను నిషేధించడానికి ఇంకా రెండు గంటల టైముంది గనుక, ఆ రెండు గంటల్లో సాయితో బేరమాడటానికి ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు.

"తువాలేదప్పా?" అన్నారాయన.

సాయి తువాలు అంతకుముందే ఉరుకుందమ్మ తడిపేసింది. దాన్ని ఎద్దు కొమ్ముకు ఆరేసి ఉంచాడు. ఉచ్చీరప్పగారి తువాలు పట్టు అంచుది, చేతి చెమటకు పాడవుతుందని ఆయన తీయరు. రింగుల్లోంచి బయటికి వచ్చిన గుడ్డ కొస మాత్రం సాయి మోకాలి దాకా వేలాడుతోంది. రెండు చేతులు కప్పడానికి కావలసినంత ఉంది. "ఇదేముందిలే, గుడ్డే కదా," అని ఉచ్చీరప్పగారు ఆ కొస కిందికి చెయ్యి పోనిచ్చి, సంప్రదాయం ప్రకారం ఆకాశం కేసి చూశారు. నాగన్న కోరిన ధరను సాయి వేళ్ళతో చెప్పాడు.

సరిగ్గా అప్పుడే కుడివైపు ఎద్దు ఏదో చూసి బెదిరి పగ్గం లాగింది. సాయి, భార్య చెప్పినట్టే, ఒక చెయ్యి పిల్ల వీపు మీద వేసి, బేరంలో ఉన్న రెండో చెయ్యి తీసి పగ్గం పట్టుకున్నాడు. గుడ్డ కింద ఉచ్చీరప్పగారి చెయ్యి ఒంటరిగా మిగిలింది. ఆ సమయానికి నిద్రలేచి, లోకంలో కొత్తగా ఏముందా అని వెతుకుతున్న ఉరుకుందమ్మకు అది దొరికింది.

ఆమె బొటనవేలు పట్టుకుంది.

ఉచ్చీరప్పగారు ఆకాశం చూస్తూనే చిన్నగా నవ్వారు. వేలు వెనక్కి లాగి, తగ్గించమన్నట్టు రెండు వేళ్ళు చాచారు. ఉరుకుందమ్మ ఆ రెంటినీ వదిలేసి మళ్ళీ బొటనవేలే పట్టుకుంది. ఆయన మూడు వేళ్ళు చాచారు. బొటనవేలే. ఆయన నుదుట చెమట పట్టింది. "గట్టివాడివే!" అన్నారు ఆకాశంతో. సాయి అప్పటికి ఎద్దును సముదాయించడంలో ఉన్నాడు, తననేననుకొని "ఏదోలే అన్నా," అన్నాడు. ఉచ్చీరప్పగారు ఆఖరి ప్రయత్నంగా వేలు గట్టిగా లాగబోయారు. ఉరుకుందమ్మ దాన్ని నోట్లో పెట్టుకొని, తన ఆస్తి మొత్తం, అంటే రెండు పళ్ళు, దాని మీద పెట్టింది.

"తెగింది! తెగింది!" అని కేక పెట్టారు అధ్యక్షులు.

సంతంతా విన్నది. ఇంతటి పట్టున్న బేరం చూడాలని నాగన్న ముందుకు వచ్చి గుడ్డ కొస ఎత్తాడు. లోపల అధ్యక్షుల బొటనవేలు, దాని చుట్టూ ఐదు చిన్న వేళ్ళు, పైన నవ్వుతున్న మొహం.

సంఘం కార్యదర్శి తిక్కయ్య మొదట తేరుకున్నాడు. "ఈ బేరం చెల్లదన్నా. పసిబిడ్డ కదా, దానికేం తెలుసు? పొరపాటని చెప్పేయ్," అని దారి చూపించాడు.

"పొరపాటా?" అన్నాడు నాగన్న. "తెగిందని రెండుసార్లు అన్యాడు. ఒక్కసారంటేనే తెగుతాది."

ఉచ్చీరప్పగారు నిలబడి లెక్క వేసుకున్నారు. వ్యాపారిని గనుక ఆయన కళ్ళలో ఆ లెక్క నాకు స్పష్టంగా కనిపించింది. చెల్లదంటే ఎద్దులు మిగలవు, పైగా పసిపిల్ల చేతికీ దళారి చేతికీ తేడా తెలియనివాడు సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడన్న మాట మిగులుతుంది. చెల్లుతుందంటే ఎద్దులు వస్తాయి, పేరు నిలుస్తుంది, పిల్ల మాత్రం దళారి అవుతుంది. ఆయన వేలు తుడుచుకున్నారు.

"ఎవరితో బేరమాడతాండానో నాకు తెలీదనుకుంటిరా? గుడ్డ కింద చెయ్యి పెట్టినప్పుడే తెలిసె, ఇది సాయి చెయ్యి కాదని. సాయి చేతిలో ఇంత పట్టు యాడిది? బేరం ఉరుకుందమ్మతోనే చేసినా. చెల్లుతాది!"

సాయి అమాయకుడని ఊళ్ళో పేరు. ఆ పేరు తప్పని ఆ క్షణాన తేలింది.

"అట్లయితే అన్నా, మధ్యాన్నం నుంచి దళారి సంతలోకి రావచ్చునా, రాకూడదా?"

షామియానా కింద మళ్ళీ సభ. ఉచ్చీరప్పగారు నిన్న నిలబడిన చోటే నిలబడి, నిన్నటి గొంతుతోనే మాట్లాడారు.

"సభ్యులారా! పసిబిడ్డను భుజాన మోయడం మన సంస్కృతి! భుజం ఉన్నదే అందుకు! కర్ణాటక నుంచి వచ్చిన పెద్దలు మనల్ని చూసి నేర్చుకోవాల! ఈ సంతలో ఇంత గట్టి చెయ్యి నలభై ఏండ్లలో చూడలేదు. అట్లాంటి చేతిని గేటు బయట పెట్టే పాపం చరిత్ర మన మీద వెయ్యకూడదు!"

నిన్న చప్పట్లు కొట్టినవారే ఇంకొంచెం గట్టిగా కొట్టారు. మీరు మొదట చదివిన తీర్మానం అప్పుడే పుట్టింది. దానికి ఒక ఉపతీర్మానం కూడా ఉంది. ఉరుకుందమ్మకు ఫోటోతో గుర్తింపు కార్డు ఇచ్చి, ఆమెను మోసుకొచ్చే సాయి పేరును అందులో "వాహనం" అన్న చోట రాశారు. సాయికి అభ్యంతరం లేదు. వాహనంగా మిగతా ఏడు రోజులూ సంతకు వచ్చాడు. మౌనిక ఒక్క రోజూ మానలేదు. నెల నిండిన మరునాడు ఉద్యోగం ఖాయమైన కాగితం తెచ్చి, దారిలో మా అంగడి దగ్గర ఆగి చూపించింది.

అంతకు ముందు రోజే సంఘం ముగింపు సభలో సాయికి ఆదర్శ పితగా శాలువా కప్పారు. ఎవరో ఫోటో తీసి అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ పంచారు. చేతులు జోడించిన బొమ్మలే మూడు వందలకు పైగా వచ్చాయట. మౌనిక, తోడుగా వచ్చిన సాయి భుజాన ఉన్న ఆ శాలువా అంచు పట్టి చూసి నన్నడిగింది.

"ఇది ఎన్ని మీటర్లన్నా?"

"రెండుంటాది."

"పది దినాలు మోసినందుకు రెండు మీటర్లా? ఎనిమిది నెలలు మోసినదానికి, దానికి ముందు తొమ్మిది నెలలు మోసినదానికి ఎన్ని మీటర్లవుతాదో లెక్క కట్టి చెప్పన్నా. గుడ్డల అంగడి నీదే కదా."

నేను లెక్కల్లో వెనకబడినవాణ్ణి కాదు. అయితే అంత సరుకు మా అంగడిలో లేదు. మాట మార్చి ఉద్యోగానికి అభినందించాను.

ఇక వ్యాపారం సంగతి. దళారులంతా రింగుల గుడ్డలోని సౌకర్యం కళ్ళారా చూశారు. చేతులు ఖాళీ, బేరానికి కొస సిద్ధం. సంత ముగియకముందే నలభై మంది వచ్చి కుట్టించుకున్నారు. ఉచ్చీరప్పగారిది జరీ అంచుది. ఆదోని పత్తి మార్కెట్టు వాళ్ళు, ఆలూరు వేరుశెనగ వాళ్ళు కూడా మనుషులను పంపి తెప్పించుకున్నారు. ప్రతి గుడ్డతోనూ మౌనిక చెప్పిన జాగ్రత్తలు ఒక చీటీ మీద అచ్చు వేయించి ఇచ్చాను. అందరూ శ్రద్ధగా పాటిస్తున్నారు. ఇప్పుడు మా బజారులో నిలబడి చూడండి. పెద్దమనుషుల గుడ్డల్లో సెల్‌ఫోన్లు ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉంటాయి. వాటి మొహం ఎప్పుడూ కనబడుతూ ఉంటుంది, పైన గుడ్డ కప్పరు. వంగేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, ఒక చేత్తో ఆకు-వక్క సంచిని భద్రంగా పట్టుకుంటారు. నేను అమ్మినవి నూటికి పైబడ్డాయి. పిల్ల ఉన్నది ఒకదానిలో.

పోయిన వారం సంఘం కార్యదర్శి తిక్కయ్య తన గుడ్డను మడతపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాపసు తీసుకొమ్మన్నాడు.

"కుట్టు విడిచిందా?" అన్నాను.

"లేదన్నా."

"రంగు దిగిందా?"

"సరుకు మంచిదేలే. నిన్న దీన్ని అట్లనే కట్టుకొని ఇంటికి పోయినా. మా ఇంటామె చూసి, ఏడు నెలల పిల్లోన్ని ఎత్తి ఇందులో పెట్టేసినాది! పెట్టి, నీళ్ళకు పోయినాది! అర్ధగంట!"

అంగడిలో ఉన్న నలుగురు మగవాళ్ళూ అయ్యో అన్నారు. ఒకాయన లేచి తిక్కయ్యకు కుర్చీ ఇచ్చాడు, ఇంకొకాయన టీ చెప్పాడు. వాడిన సరుకు వాపసు తీసుకోబడదని నా తల వెనకే బోర్డు ఉంది. అయినా, ఇటువంటి లోపం బయటపడినప్పుడు తీసుకోక తప్పదు. తీసుకున్నాను.

మరునాడు పొద్దున తిక్కయ్య భార్య దీపశ్రీ వచ్చి అదే గుడ్డను కొనుక్కుంది. అద్దం దగ్గరికి కూడా పోలేదు. నిలబడిన చోటే భుజాన వేసుకొని, రింగుల్లోంచి కొస లాగి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండు బియ్యం సంచులు పట్టుకొని మెట్లు దిగింది. నిన్నటి ఆ నలుగురూ అంగడిలోనే ఉన్నారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. నేను కూడా ఇదంతా రాయడానికి కూర్చున్నాకే గుర్తు చేసుకున్నాను. ఆ వేళకు మీరు అక్కడున్నా, మెట్ల మీద కొంచెం పక్కకు జరిగి దారి ఇచ్చి ఉండేవారు. అంతే.